నాన్న కనుబొమ్మలు తెల్లబడుతున్నాయి, డాక్టరుగారేమో మంచిదే అంటున్నారు, ఎవరైనా అర్థమయ్యేలా చెప్పండి

గాజువాక_అమ్మాయి • రాత్రి 9:42

అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకి 63. కిందటేడు ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి వెళ్లారు, 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండానే నడిచారు, ఇంటికొచ్చాక అమ్మ బేసిన్‌లో వేణ్ణీళ్లు పోసి కాళ్లు పెట్టించింది, అప్పుడు చూసింది కుడి మడమ కింద నల్ల మచ్చ, రూపాయి బిళ్లంత ఉంది, అంచులేమో సిరా ఒలికి పాకినట్టు ఉన్నాయి. రాయి నొక్కుకుని రక్తం గడ్డకట్టిందేమో అనుకున్నాం. మందులషాపు అబ్బాయి ఆనెకాయ అని చెప్పి పట్టీలిచ్చాడు, అవి మూడు నెలలు వేశారు. తర్వాత బయాప్సీ, మెలనోమా అని తేలింది, ఒకరకం చర్మ క్యాన్సర్. ఆపరేషన్ అయింది, గజ్జల్లో బిళ్లకి కూడా పాకిందన్నారు. ఇప్పుడు మూడు వారాలకోసారి ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి పంపే మందు, ఎక్కిస్తున్నారు.

ఐదో డోసు అయ్యాక కనుబొమ్మల్లో తెల్ల వెంట్రుకలు మొదలయ్యాయి, తర్వాత ముంజేతుల మీద, మెడ మీద ముగ్గుపిండి చిలకరించినట్టు తెల్ల చుక్కలు. భయపడి చూపిస్తే డాక్టరుగారు నవ్వి "మంచి సూచనేనమ్మా" అన్నారు, ఆ వెనకాల ఇంకో నలభై మంది క్యూలో ఉన్నారు, ఎందుకు మంచిదో అడిగే టైము దొరకలేదు.

అసలు నా గందరగోళం ఏంటంటే మా అన్నయ్య కూతురికి 12 ఏళ్లు, దానికి మోకాళ్ల మీదా కింది పెదవి మీదా బొల్లి ఉంది, ఏడాదిగా ట్రీట్‌మెంట్ చేయిస్తున్నాం. మనవరాలికి వస్తే తగ్గించడానికి మందు, తాతకి వస్తే సంతోషించమంటున్నారు. ఒకే మచ్చ ఒకరికి జబ్బు, ఇంకొకరికి శుభం ఎలా అవుతుందండీ? మా పెద్దత్తయ్య అయితే మీ వంశంలోనే ఉంది అని తేల్చేసింది.

హార్బర్_కాకి • రాత్రి 9:55

అమ్మాయీ కంగారు పడకు. నాకేటీ తెలీదు గానీ మన మావయ్య వొస్తారు, ఆయన సెప్తారు. నేను కింద కూర్చుని వింటాను.

అత్తగారి_వంటిల్లు • రాత్రి 10:03

అమ్మా చేపలు తిన్నాక పెరుగు వేశారేమో గుర్తు తెచ్చుకో. మా ఇంట్లో చేపల పులుసు చేసిన రోజు పెరుగు గిన్నె బల్ల మీదకి రానివ్వను. మా అమ్మమ్మ చెప్పింది.

తెల్లమచ్చ_తేజ • రాత్రి 10:11

పిన్నిగారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా. నాకు పద్నాలుగో ఏట బొల్లి వచ్చింది, ఇప్పుడు నాకు ఇరవయ్యేడు, మా అమ్మ ఆ చేపా పెరుగూ మాట వినీ వినీ ఐదేళ్లు ఏడ్చింది, తన వంట వల్లే నాకిలా అయిందని. బెంగాలీ వాళ్లు చేపని పెరుగులోనే వండుతారండీ. ఆ లెక్కన ఇక్కడి నుంచి కలకత్తా దాకా ఒడ్డు ఒడ్డంతా తెల్లబడిపోవాలి.

అత్తగారి_వంటిల్లు • రాత్రి 10:14

అయ్యో బాబూ, నేను ఆ ఉద్దేశంతో అనలేదు. మీ అమ్మగారికి చెప్పు, తప్పేం లేదని.

మైక్రోస్కోప్_మావయ్య • రాత్రి 10:48

ఇప్పుడే భోజనం అయింది. ముప్ఫై ఏళ్లు పాథాలజీలో స్లైడ్లు చూసినవాణ్ణి, ట్రీట్‌మెంట్ చెప్పే డాక్టర్ని కాదు, అది గుర్తుపెట్టుకుని చదవండి.

అమ్మా, మెలనోమా అంటే బయట నుంచి వచ్చిన శత్రువు కాదు. చర్మానికి రంగు చేసే మెలనోసైట్ ఉంది చూశావా, అదే అదుపు తప్పి పెరిగితే మెలనోమా. అందుకని టైరోసినేజ్, జీపీ100, మార్ట్-1 లాంటి ప్రొటీన్లు చెడిపోయినదాంట్లోనూ ఉంటాయి, మంచిదాంట్లోనూ ఉంటాయి. ఒంటికి కాపలా కాసే తెల్ల రక్తకణాల్లో ఒక రకం టీ కణాలు, అవి గుర్తుపట్టేది వీటి ముక్కల్నే. దొంగ ఫొటో పట్టుకుని తిరిగే పోలీసులకి అచ్చం వాడిలాగే ఉన్న తమ్ముడు ఎదురైతే ఏమవుతుంది, వాణ్ణీ కొడతారు.

టీ కణాలకి పీడీ-1 అని ఒక బ్రేకు ఉంటుంది. క్యాన్సర్ కణం ఆ బ్రేకు మీద కాలేసి తొక్కి పెడుతుంది. నాన్నగారికి ఎక్కిస్తున్న మందు క్యాన్సర్ని నేరుగా చంపదు, ఆ కాలుని పక్కకి లాగుతుంది, అంతే. ఈ బ్రేకుల సంగతి కనిపెట్టినందుకే జేమ్స్ అలిసన్‌కీ, తసుకు హోంజోకీ 2018లో నోబెల్ ఇచ్చారు. బ్రేకు తీశాక టీ కణాలు మెలనోమా మీదకి వెళ్తాయి, దారిలో కనుబొమ్మ దగ్గరున్న మంచి మెలనోసైట్లనీ చంపుతాయి. తెల్ల చుక్క కనపడిందంటే రంగు కణాల్ని గుర్తుపట్టే టీ కణాలు ఒంట్లో తయారయ్యాయి, చర్మం దాకా నడిచి వెళ్లగలుగుతున్నాయి అని మనకి బయట నుంచే తెలుస్తోంది. డాక్టరుగారు నవ్వింది అందుకు.

పాపకి ఆ బ్రేకు మందు ఏమీ లేదు, దొంగా లేడు. వాళ్ల తమ్ముణ్ణే దొంగనుకుని కొడుతున్నారు. మచ్చ ఒకటే, కారణం వేరు.

ఇంకో మాట, ఆనెకాయ అనుకోవడంలో మీ తప్పు లేదు. మెలనోమా తెల్లవాళ్ల ఎండ జబ్బు అని చదువుకున్నవాళ్లే అనుకుంటారు. మనలాంటి రంగువాళ్లకి వచ్చేది ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద, దానికి ఎండతో పెద్ద సంబంధం లేదు. పాటగాడు బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే, ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు మొదట్లో, 1981లో 36 ఏళ్లకే పోయాడు. ఈ గ్రూపులో ఉన్నవాళ్లు ఒకసారి మీ పెద్దవాళ్ల అరికాళ్లు లైటు వేసి చూడండి.

హార్బర్_కాకి • రాత్రి 11:02

మావయ్యా దండం. ఒక్క డౌటు. రగతం ఒళ్లంతా తిరుగుతాది కదా, గుండెకీ పోద్ది, పొట్టకీ పోద్ది. మరి ఈ కణాలకి సర్మం దగ్గరే దిగాలని ఎలగ తెలుస్తాది? దానికేటైనా బోర్డు ఉంటాదా?

పీహెచ్‌డీ_పాట్లు • రాత్రి 11:37

కాకి అన్నా, నీ డౌటు మీదే నా పీహెచ్‌డీ సగం నడుస్తోంది, నాలుగో ఏడు, గైడు ఇంకా వదల్లేదు. నేను మద్దిలపాలెంవాణ్ణి కాబట్టి బస్సుతో చెప్తా.

సిటీ బస్సులో ఉన్నావు, నీ వీధి దగ్గర స్టాపు లేదు, డ్రైవరు ఆపడు. నువ్వేం చేస్తావు, ఫుట్‌బోర్డు మీదకొచ్చి రాడ్డు పట్టుకుంటావు, ఒక కాలు రోడ్డుకి తగిలిస్తావు, బస్సుతోపాటే నాలుగడుగులు పరిగెడతావు, అప్పుడు గట్టిగా కాలు నాటి ఆగుతావు, ఆ తర్వాత బళ్ల మధ్యలో సందు చూసుకుని వీధిలోకి దూరిపోతావు. టీ కణం రక్తనాళంలో అచ్చం ఇదే పని చేస్తుంది. దాని ఒంటి మీద సీఎల్‌ఏ అని ఒక పట్టు ఉంటుంది, చర్మంలోని రక్తనాళం గోడ మీద ఈ-సెలెక్టిన్ అని రాడ్డు ఉంటుంది, ఆ రాడ్డు పట్టుకుని గోడ మీద దొర్లుకుంటూ స్పీడు తగ్గించుకుంటుంది, అప్పుడు గోడకి అంటుకుని ఉన్న కీమోకైన్ అనే పిలుపు రసాయనం తగిలి ఇదే నీ స్టాపు అని చెప్తుంది, వెంటనే టీ కణం మీది ఇంటెగ్రిన్‌లు అనే కొక్కేలు బిగుసుకుని గోడని గట్టిగా కరుచుకుంటాయి, కణం చపాతీలా చదునై రెండు గోడ కణాల మధ్య సందులోంచి అవతలికి దూరుతుంది. మైక్రోస్కోపు కింద వీడియో చూస్తే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంక బోర్డు. గజ్జల్లో చంకల్లో బిళ్లలు కడతాయి కదా, అవే లింఫ్ నోడ్లు, టీ కణాల బడులు అవి. చర్మంలో ఉండే డెండ్రైటిక్ కణం ఏదో తేడా చూసి, ఆ ముక్క నోట కరుచుకుని దగ్గర్లోని బిళ్లలోకి వెళ్లి టీ కణానికి చూపిస్తుంది. అక్కడ తయారైన టీ కణానికి చర్మం టికెట్ కొడతారు, అంటే సీఎల్‌ఏ, సీసీఆర్4, సీసీఆర్10 లాంటివి ఒంటి మీద మొలుస్తాయి. పేగుల దగ్గర బిళ్లలో చదివిన కణానికి వేరే టికెట్, అది చర్మం దగ్గర దిగమన్నా దిగదు. విటమిన్ డి చర్మం టికెట్‌కీ, విటమిన్ ఏ పేగుల టికెట్‌కీ సాయం చేస్తాయని కూడా తేలింది, అలాగని రేపు పొద్దున్నే విటమిన్ మాత్రలు మింగొద్దు ఎవరూ, మచ్చలు దాంతో పోవు.

పెద్దవాళ్ల చర్మంలో మామూలుగానే దాదాపు 2,000 కోట్ల టీ కణాలు ఉంటాయి అన్నా, రక్తంలో ఉన్నవాటికి ఇంచుమించు రెట్టింపు. చర్మం అంటే ఒట్టి తొడుగు అనుకుంటాం గానీ అది కంటోన్మెంటు.

హార్బర్_కాకి • రాత్రి 11:44

వోర్నీ. అయితే నేను రోజూ సేస్తున్నది టీ కణం పనే అన్నమాట. మొన్న రాడ్డు పట్టు జారింది, మోకాలు సెక్కుకుపోయింది.

పీహెచ్‌డీ_పాట్లు • రాత్రి 11:58

ఆ మోకాలి సంగతికి మళ్లీ వస్తా, అది కూడా ఇందులో ఉంది. ముందు కీమోకైన్ సంగతి చెప్పనీ. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్లో బోటు వచ్చి వల విప్పగానే గద్దలూ కాకులూ ఎక్కణ్ణుంచి వస్తాయో తెలీదు, ఆకాశం నిండిపోద్ది, ఎవరూ పిలవరు, వాసనే పిలుస్తుంది. కీమోకైన్ అంటే ఆ వాసన. బొల్లిలో ముఖ్యమైన వాసనలు రెండు, సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10. ఈ వాసన పట్టే ముక్కు టీ కణం మీద సీఎక్స్‌సీఆర్3.

ఇప్పుడు తమాషా చూడు. వాసన ఎవరు వదులుతున్నారు? దెబ్బ తింటున్న మెలనోసైట్ కాదు, దాని చుట్టూ ఉండే కెరటినోసైట్లు, అంటే పైచర్మంలో ఇటుకల్లా పేర్చిన మామూలు కణాలు. మొదట చేరిన టీ కణం ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ చిమ్ముతుంది, అది కెరటినోసైట్ తలుపు మీద పడి లోపల జాక్1, జాక్2 అనే స్విచ్చులు నొక్కుతుంది, అది సీఎక్స్‌సీఎల్10 వదుల్తుంది, దానికి ఇంకో నాలుగు టీ కణాలొస్తాయి, అవి ఇంకా ఇంటర్‌ఫెరాన్ చిమ్ముతాయి. ఒక గద్ద అరిస్తే పది గద్దలు. 2014లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీవాళ్లు ఎలుకల్లో సీఎక్స్‌సీఎల్10ని అడ్డుకుంటే మచ్చలు పాకడం ఆగింది, అప్పటికే పోయిన రంగు కూడా వెనక్కి వచ్చింది. నేను ఈ ఫీల్డులోకి రావడానికి ఆ పేపరే కారణం.

తర్వాత 2022లో చైనావాళ్లు ఇంకో మెలిక చూపించారు, కింది చర్మంలో ఉండే ఫైబ్రోబ్లాస్ట్‌లు కూడా ఇంటర్‌ఫెరాన్ తగిలితే ఇదే వాసన వదుల్తాయి, ఒంట్లో ఒక్కో చోట ఫైబ్రోబ్లాస్ట్‌లు ఒక్కో రకం కాబట్టి కొన్ని చోట్ల పిలుపు గట్టిగా, కొన్ని చోట్ల నెమ్మదిగా ఉంటుంది. బొల్లి రెండు చేతుల మీదా రెండు మోకాళ్ల మీదా జతగా రావడానికి ఇదొక కారణం అంటున్నారు. పాప మోకాళ్లు రెండూ అన్నారు కదా అక్కా?

గాజువాక_అమ్మాయి • ఉదయం 6:20

అవును రెండూ. ఎడమది కొంచెం పెద్దది. రాత్రంతా ఇది చదివి నిద్రపోలేదు, అమ్మకి కూడా చదివి వినిపించా, బస్సు దగ్గర నవ్వింది, చాలా రోజులకి.

తెల్లమచ్చ_తేజ • ఉదయం 7:35

మోకాలి సంగతి నేను చెప్తా, అనుభవం. మొదటి గద్ద ఎందుకొస్తుంది అన్నది అసలు ప్రశ్న. దెబ్బ, గీత, ఒరిపిడి, వీటివల్ల మెలనోసైట్‌కి ఒత్తిడి కలిగితే అది ఒకరకం కేక వేస్తుంది, అప్పుడు డెండ్రైటిక్ కణం తొంగి చూస్తుంది, ఆ తర్వాత పైన తమ్ముడు చెప్పిన కథంతా నడుస్తుంది. నాకు క్రికెట్లో మోచేయి గీరుకుపోతే మూడు వారాల్లో ఆ గీత మేరకి తెల్లగా తేలింది, స్కేలు పెట్టి గీసినట్టు. దాన్ని కోబ్నర్ అంటారు. పాపకి స్కూలు బెల్టు, సాక్సు ఎలాస్టిక్, మోకాళ్ల మీద కూర్చోడం, ఇవన్నీ చూసుకోండి. అందరికీ రాదు కాకి అన్నా, నీకు బొల్లి లేదు, నీ మోకాలు మానిపోద్ది.

కొన్ని కెమికల్స్ కూడా ఇదే పని చేస్తాయి. మా పిన్నికి నుదుటి మీద సరిగ్గా స్టిక్కర్ బొట్టు సైజులో తెల్ల మచ్చ వచ్చింది, ఆ జిగురులో ఉండే ఒక ఫినాల్ రకం మెలనోసైట్లకి పడదు. 1939లోనే అమెరికాలో తోళ్ల ఫ్యాక్టరీవాళ్లకి రబ్బరు గ్లౌజుల వల్ల చేతులు తెల్లబడితే ఈ సంగతి బయటపడింది. పిన్ని ఇప్పుడు కుంకుమే పెట్టుకుంటోంది.

ఇంక ట్రీట్‌మెంట్ విషయం. సిటీలో ఒక క్లినిక్కు, పేరు చెప్పను, రక్తం శుద్ధి ప్యాకేజీ అని ఆరు నెలలకి 48 వేలు కట్టించుకున్నారు మా నాన్న దగ్గర, మట్టి రంగు పొడి ఇచ్చారు, ఉప్పు మానమన్నారు, ఒక్క చుక్క రంగు రాలేదు. తర్వాత అసలు స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్తే నేరోబ్యాండ్ లైటు, అంటే ఒకరకం అతినీలలోహిత కాంతి, వారానికి రెండుసార్లు, టీ కణాల జోరు తగ్గించే టాక్రోలిమస్ పూత. ఎనిమిది నెలల్లో ముఖం మీద బాగా వచ్చింది. సంతోషం పట్టలేక మానేశా. ఏడాది తిరగకుండా అదే చోట, అదే ఆకారంలో, ఎవరో ట్రేసింగ్ పేపరు పెట్టి దిద్దినట్టు మళ్లీ వచ్చేసింది. అదే చోటికే ఎందుకొచ్చిందో నాకు ఎవరూ చెప్పలేదు.

పీహెచ్‌డీ_పాట్లు • ఉదయం 8:10

తేజ అన్నా, దానికి జవాబు ఉంది. వచ్చిన గద్దలన్నీ బోటు ఖాళీ అవగానే వెళ్లిపోవు. కొన్ని ఆ బోటు స్తంభం మీదే గూడు కట్టేసుకుంటాయి. రెసిడెంట్ మెమరీ టీ కణాలు అంటారు, ఇవి రక్తంలోకి తిరిగి వెళ్లవు, చర్మంలోనే ఏళ్లతరబడి ఉంటాయి. మచ్చకి రంగొచ్చినా అవి కిందే కూర్చుని ఉంటాయి. మందు ఆపాక కొత్త మెలనోసైట్ కనపడగానే చిన్న కేక వేస్తే చాలు, రక్తంలోంచి మళ్లీ బలగం దిగుతుంది. ట్రీట్‌మెంట్ ఆపేసిన ఏడాదిలోపు దాదాపు 40 శాతం మందికి మచ్చలు తిరిగి రావడం అందుకే. రంగొచ్చాక కూడా వారానికి రెండుసార్లు పూత కొనసాగించమని డాక్టర్లు చెప్పేదీ అందుకే.

ఈ గూళ్లకి మేత ఐఎల్-15 అనే ప్రొటీన్. 2018లో ఆ మసాచుసెట్స్ గుంపే ఎలుకల్లో ఐఎల్-15 అందే దారి మూసేస్తే రంగు తిరిగొచ్చి ఎక్కువ కాలం నిలిచింది. ఇందాక చెప్పిన జాక్ స్విచ్చుల్ని ఆపే మందులు చేసేది ఇంకోటి, కేకని వినపడకుండా చేస్తాయి. అలాంటిదే రుక్సోలిటినిబ్ క్రీము, దానికి అమెరికాలో మందులకి అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2022 జూలైలో అనుమతి ఇచ్చింది, 12 ఏళ్లు నిండినవాళ్లకి. ట్రయల్స్‌లో ఆరు నెలలకి ముఖం మీద 75 శాతం రంగు తిరిగొచ్చింది దాదాపు 30 శాతం మందికి, ఏడాదికి ఇంచుమించు సగం మందికి. బాగుంది, కానీ గూడు అలాగే ఉంటుంది, చెవులు మూయడమే.

[ఒక పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ • ఉదయం 8:31

మూలికా తైలం, ఫోన్ నంబరు, "21 రోజుల్లో గ్యారంటీ". తీసేశాను. మళ్లీ పెడితే ఐడీ కూడా తీసేస్తాను.

లెక్కల_మాస్టారు • ఉదయం 9:15

తెల్ల మచ్చలు వచ్చాయి కాబట్టి మందు పనిచేస్తోంది అని అమ్మాయికి ఆశ పెట్టే ముందు అంకెలు చెప్పండి ఎవరైనా. ఒక సంగతి అడుగుతాను. మచ్చలు రావడానికి నెలలు పడుతుంది. మొదటి రెండు నెలల్లోనే పోయినవాళ్లకి మచ్చలు వచ్చే అవకాశమే లేదు. అప్పుడు మచ్చలు వచ్చినవాళ్లు ఎక్కువకాలం బతికారు అనడంలో సగం లెక్కల మాయ ఉంటుంది. రిటైర్ అయ్యేవాళ్లలో గుండెపోటుతో ముప్ఫైల్లో పోయినవాడు ఒక్కడూ ఉండడు.

మైక్రోస్కోప్_మావయ్య • ఉదయం 10:05

మాస్టారూ, మంచి ప్రశ్న, ఇది డాక్టర్ల సమావేశాల్లో కూడా అడుగుతారు. నాకు గుర్తున్న అంకెలు 2016లో ఫ్రాన్స్ నుంచి వచ్చినవి. మెలనోమాకి పెంబ్రోలిజుమాబ్, అంటే ఆ పీడీ-1 బ్రేకు తీసే మందు, తీసుకున్న 67 మందిని గమనిస్తూ వెళ్లారు. 17 మందికి మచ్చలొచ్చాయి. ఆ 17లో 12 మందికి కంతి తగ్గింది, అంటే 71 శాతం. మచ్చలు రాని 50 మందిలో 14 మందికి తగ్గింది, 28 శాతం. మీరన్న కాలం సంగతి ఇందులో కొంత కలిసే ఉంటుంది, చిన్న గుంపు కూడా. అయినా ఒకే ప్రొటీన్లని వెతికే కణాలు అన్న కారణం ఎదురుగా ఉంది కాబట్టి ఇది ఉత్త మాయ అని నేను అనుకోను.

అమ్మా, రెండు వైపులా చదువు దీన్ని. మచ్చలొచ్చిన 17 మందిలో ఐదుగురికి తగ్గలేదు. మచ్చలు రాకుండానే 14 మందికి తగ్గింది. పైగా అరికాలి మెలనోమాలో మ్యుటేషన్లు, అంటే జన్యువుల్లో మార్పులు, తక్కువ, టీ కణాలకి కనపడే గుర్తులూ తక్కువ, మామూలు చర్మం మెలనోమా అంత బాగా ఈ మందులకి లొంగదు. మచ్చ మంచి శకునమే, స్కాన్ రిపోర్టు మాత్రం కాదు.

లెక్కల_మాస్టారు • ఉదయం 10:12

ఇలా చెప్తే నాకు అభ్యంతరం లేదు.

గాజువాక_అమ్మాయి • మధ్యాహ్నం 1:30

మావయ్యగారూ, నిజం చెప్పినందుకు థాంక్స్. స్కాన్ వచ్చే గురువారం. ఇంకో రెండు అడుగుతా. ఒకటి, కణాలు కనుబొమ్మ దాకా నడవగలిగితే గజ్జల్లో ఉన్నదాంట్లోకి కూడా నడిచినట్టేనా? రెండు, అమ్మ పాప క్రీము తీసి నాన్న చేతి మీద రాయబోయింది, నేను ఆపాను. రాయొచ్చా?

పీహెచ్‌డీ_పాట్లు • మధ్యాహ్నం 2:20

మొదటిదానికి నేను చెప్తా. నడిచినట్టే అని చెప్పలేం అక్కా, అక్కడే ఉంది గొడవంతా. కొన్ని మెలనోమా గడ్డలు వాసన రాకుండా చేసుకుంటాయి. 2015లో షికాగోలో థామస్ గజెవ్‌స్కీ ల్యాబువాళ్లు చూపించారు, కొన్ని గడ్డల కణాల్లో బీటా-కెటెనిన్ అనే సంకేతాల దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అలాంటి గడ్డలోకి డెండ్రైటిక్ కణాలు రావు, అవి రాకపోతే సీఎక్స్‌సీఎల్9, 10 వదిలేవాడు లేడు, టీ కణాలు పక్క వీధిలోనే తిరిగి వెళ్లిపోతాయి. గడ్డలో పెరిగే రక్తనాళాలు కూడా వంకరటింకరగా, గోడ మీద రాడ్డు సరిగ్గా లేకుండా ఉంటాయి, బస్సు దిగాలన్నా పట్టు దొరకదు. బ్రేకు ఎంత తీసినా బండే లేని చోట ఏం లాభం. అలాంటి గడ్డల్ని కోల్డ్ అంటారు, టీ కణాలు బాగా దూరినవాటిని హాట్ అంటారు. నాన్నగారిది హాటా కోల్డా అనేది బయాప్సీ స్లైడ్ మీద టీ కణాలు ఎక్కడున్నాయో చూస్తే కొంత తెలుస్తుంది.

ఇంకోటుంది, నాకు బాగా ఇష్టమైనది. టీ కణాల్లోనే గొడవ సర్దే పెద్దమనుషులు ఉంటారు, ట్రెగ్‌లు అంటారు. వీళ్లని పిలిచే వాసన సీసీఎల్22, వీళ్ల ముక్కు సీసీఆర్4. బొల్లి చర్మంలో ఆ వాసన తక్కువ, పెద్దమనుషులు అక్కడికి చేరరు, గొడవ ఆగదు. చాలా గడ్డలు మాత్రం ఆ వాసనే కావాలని వదిలి పెద్దమనుషుల్ని పిలిపించుకుని తన చుట్టూ కాపలా పెట్టుకుంటాయి. పాప మోకాలికి ఎవరు కావాలో వాళ్లు తాతగారి గడ్డ దగ్గర కూర్చున్నారు.

నడవలేకపోతే మోసుకెళ్లి దింపే పద్ధతి కూడా ఉంది. గడ్డలోకి ఎలాగో దూరిన టీ కణాల్ని ఆపరేషన్‌లో తీసి, ల్యాబులో వందల కోట్లకి పెంచి మళ్లీ రక్తంలోకి ఎక్కించడం. అమెరికా డాక్టరు స్టీవెన్ రోసెన్‌బర్గ్ 1988లోనే మెలనోమా మీద ఫలితాలు చూపించాడు, ఎఫ్‌డీఏ అనుమతి వచ్చేసరికి 2024 ఫిబ్రవరి అయింది. 36 ఏళ్లు. నా నాలుగేళ్ల గురించి ఏడవకూడదు ఇంక.

మైక్రోస్కోప్_మావయ్య • మధ్యాహ్నం 3:05

రెండోదానికి నేను. ఆపి మంచిపని చేశావు. పాప క్రీము ఏదైనా అది అక్కడి టీ కణాల పని తగ్గించడానికే. నాన్నగారి ఒంట్లో ఆ కణాలు పనిచేయాలనే లక్షలు ఖర్చుపెడుతున్నారు. చిన్న మచ్చ మీద పూత వల్ల లోపలి గడ్డ మీద తేడా పడుతుందా అంటే అది వాళ్ల ఆంకాలజిస్టు చెప్పాలి, అడక్కుండా మాత్రం రాయొద్దు. ఆ మచ్చలకి మందు అవసరం లేదు, రంగు లేని చోట ఎండకి తొందరగా కాలుతుంది, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ చాలు. విరోచనాలు, ఆయాసం, బాగా నీరసం, కళ్లు పచ్చబడడం లాంటివి వస్తే అదే రోజు ఫోన్ చెయ్యాలి, బ్రేకు తీసిన బండి చర్మం దగ్గరే ఆగుతుందని లేదు.

కంచరపాలెం_అన్న • సాయంత్రం 5:50

నేను ఎప్పుడూ రాయను, ఇది చూసి రాస్తున్నా. తెల్లమచ్చ అంటే బొల్లే అనుకోకండి. నా తొడల మీదా నడుము మీదా లేత తెల్ల మచ్చలు, పాలిపోయినట్టు, పూర్తి తెలుపు కాదు, పైన సన్నగా పొట్టు. రెండేళ్లు బొల్లి అని మందు వాడించారు ఒకచోట. మా ఇంటి ఓనరు కుష్టేమో అని ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. కొత్త డాక్టరమ్మ దూది ముక్కతో తాకి చూసింది, స్పర్శ ఉంది కాబట్టి కుష్టు కాదంది, వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద చూసి బొల్లిలా సుద్దముక్కలా మెరవట్లేదంది, బయాప్సీ తీసింది. మైకోసిస్ ఫంగాయిడెస్ అని వచ్చింది. పేరులో ఫంగస్ ఉంది గానీ ఫంగస్ కాదంట, టీ కణాలకే క్యాన్సర్.

మైక్రోస్కోప్_మావయ్య • సాయంత్రం 6:25

అన్నా, నువ్వు రాయడం చాలా మేలు చేసింది. ఈ తెల్లమచ్చల రకం మనలాంటి రంగువాళ్లలో, పిల్లల్లో, కుర్రాళ్లలో ఎక్కువ, బొల్లి అని పొరపడడం మామూలే. చిత్రం చూడు, ఇక్కడ చర్మానికి వచ్చే కణమే జబ్బు. అవే టికెట్లు, సీఎల్‌ఏ, సీసీఆర్4, వాటితోనే వచ్చి పైచర్మంలో కాపురం పెట్టి పెరిగిపోతుంది. ఆ సీసీఆర్4 మీదే గురిపెట్టిన మొగాములిజుమాబ్ అనే మందు 2018లో అమెరికాలో వచ్చింది, అది ముదిరినవాళ్లకి. మొదటి దశలో మాత్రం తేజకి బొల్లికి పెట్టిన ఆ నేరోబ్యాండ్ లైటే దీనికీ పనిచేస్తుంది, లైటు చర్మంలోని టీ కణాల్ని చంపుతుంది కాబట్టి. నీది ఏ దశ?

కంచరపాలెం_అన్న • సాయంత్రం 6:31

మొదటిదే. లైటే పెడుతున్నారు. సగం పోయాయి. ఇల్లు మాత్రం మారిపోయాను.

హార్బర్_కాకి • సాయంత్రం 6:40

ఆ ఓనరు అడ్రసు సెప్పన్నా, గద్దల్ని పంపుతాను.

గాజువాక_అమ్మాయి • శుక్రవారం, రాత్రి 8:15

అప్‌డేట్. స్కాన్ వచ్చింది. గజ్జల్లో బిళ్ల 28 మిల్లీమీటర్ల నుంచి 17కి తగ్గింది. ఇంకో మూడు నెలలు చూస్తారంట. నాన్నకి రిపోర్టు కన్నా కనుబొమ్మల మీదే దిగులు, రైతుబజారులో ఎవరో సున్నం వేసేవాడివా అని అడిగారంట, అవునని చెప్పి వచ్చేశారు.

రాత్రి కరెంటు పోతే తాతా మనవరాలూ ఫోన్ టార్చ్ పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టుకున్నారు. నాన్న ఎడం చేతి మీద తెల్లవి 19. పాప మోకాలి తెల్ల మచ్చ మధ్యలో గోధుమరంగువి 7, ఆవగింజంత ఉన్నాయి, కిందటి నెల లేవు. ఒక్కోదాని మధ్యలో ఒక్కో వెంట్రుక ఉంది. అలా ఎందుకు?

మైక్రోస్కోప్_మావయ్య • శుక్రవారం, రాత్రి 8:40

నాన్నగారి సంగతికి సంతోషం అమ్మా. పాప చుక్కలు, అవి కొత్త రంగు. పైచర్మంలో మెలనోసైట్లు పోయినా వెంట్రుక కుదుళ్లలో వాటి విత్తనం దాగుంటుంది. టీ కణాలు కొంచెం నెమ్మదిస్తే అక్కణ్ణుంచి పాకుతూ పైకొచ్చి చుట్టూ పరుచుకుంటాయి. ఫొటో తీసి తేదీ వేసి ఉంచు, డాక్టరుకి చూపించు.

హార్బర్_కాకి • శుక్రవారం, రాత్రి 8:52

మరి పెదవి మీద వెంట్రుకలుండవు కదా మావయ్యా?

మైక్రోస్కోప్_మావయ్య • శుక్రవారం, రాత్రి 9:00

ఉండవు. అందుకే పెదవి, వేళ్ల చివర్లు, అరచేతులు మొండివి. మచ్చ ఏడాదిపాటు పెరగకుండా అలాగే ఉంటే, తొడ మీద నుంచి పల్చగా చర్మం తీసి పెట్టే చిన్న సర్జరీ ఉంది. ఇప్పుడే వద్దు, గద్దలు తిరుగుతుండగా కొత్త చేపలు బయట పెట్టకూడదు.